తప్పు మనిషిది.. శిక్ష గుంపుకా?

2022 నవంబర్ 22. అప్పుడు నేను భద్రాచలంలో డిగ్రీ చదువుతున్న. ఆ రోజు పొద్దుమూకేటాలకు మా హాస్టల్ల ప్రతి ఫోన్ల ఒకటే వార్త. చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర ఎర్రబోడు అడవిల ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావును చంపేసిన్రు. ప్లాంటేషన్ మొక్కల కాడ మొదలైన పంచాయితీ, పోడు భూమి గొడవ, ప్రాణం తీసేదాకా పోయింది. డ్యూటీ చేస్తున్న మనిషిని కత్తులతోటి నరికిన్రు. మస్తు కోపమొచ్చింది మాకందరికి. రావాలె కూడా.

కానీ రెండు రోజులు తిరగకముందే ఫోన్ల వస్తున్న మెసేజ్‌లు మారినయి. మొదట్ల "చంపినోళ్లను పట్టుకోవాలె" అని ఉండేది. తర్వాత "గుత్తికోయలు ఇంతే" అని వచ్చింది. ఆ తర్వాత వాళ్లందరినీ లారీలెక్కించి ఛత్తీస్‌గఢ్ పంపియ్యాలని వచ్చింది. ఒక ఫొటో మీద పెద్ద పెద్ద అక్షరాలు రాసి ఉన్నయి. నేను అది చదివిన. మూడు గ్రూపులకు పంపిన. స్టేటస్ కూడా పెట్టుకున్న. అబద్ధమాడను.

మాది చర్ల మండలం. మేం కోయోళ్లమే. మా నాయినకు రెండెకరాల మిర్చి ఉంటది. ఏటా జనవరి దాటినంక మిర్చి ఏరనీకి పామేడు, ఊసూరు దిక్కు నుంచి, ఇక్కడి అడవి గుంపుల నుంచి గుత్తికోయ కూలీలు వస్తరు. వాళ్లల్ల నా ఈడు పిలగాడు ఒకడు ఆరేడేండ్ల నుంచి మా చేనుకు వస్తనే ఉన్నడు. ఎనిమిదో తరగతి దాకా ఇక్కడే చదివిండు, తెలుగు మంచిగ చదువుతడు. ఆ ఏడు మిర్చికి వచ్చినప్పుడు, సంచులు కుడుతుంటే మెల్లగ అడిగిండు: "దాదా, నువ్వు స్టేటస్ పెట్టినవ్ గదా, ఆ లారీల మేమూ ఉన్నమా?"

నాకు నోరు పెగలలేదు. ఇప్పుడు రాస్తున్న ఈ ముచ్చటంతా ఆ ప్రశ్నకు నేను ఇయ్యాల్సిన జవాబు.

ఇద్దరికి శిక్ష పడ్డది, అందరికీ తీర్మానం చేసిన్రు

బెండాలపాడు సంగతి ముందుగా సూటిగ చూద్దాం. పోలీసులు కేసు పెట్టిన్రు, నిందితులను పట్టుకున్నరు. 2023 ఆగస్టులో కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. అంటే ఏడాది తిరగకముందే చట్టం తన పని తాను చేసింది. ఎవరు నరికిన్రు, సాక్షులెవరు, ఆధారమేంది అని ఒక్కొక్కటి చూసి ఇద్దరిని దోషులన్నది.

అయితే అంతకు చానా ముందే, ఆఫీసర్ చనిపోయిన వారం లోపలనే, బెండాలపాడు గ్రామసభ ఒక తీర్మానం చేసింది. ఎర్రబోడు గుత్తికోయలను ఊరి నుంచి పంపించి ఛత్తీస్‌గఢ్‌కు తరలించాలని ఆ తీర్మానం. అండ్ల ఆడోళ్లున్నరు, ముసలోళ్లున్నరు, ఇక్కడే పుట్టి ఇక్కడి బడికే పోతున్న పిల్లలున్నరు. కత్తి పట్టినోడికి ఎంత శిక్ష కావాలన్నరో, కత్తి చూడనోడికీ అంతే కావాలన్నట్టు అయింది.

ఆ ఊరోళ్లను నేను దుర్మార్గులు అంటలేను. వాళ్లు భయపడ్డరు, బాధపడ్డరు. కానీ మన రాజ్యాంగం 19వ అధికరణం పౌరుడు దేశంలో ఎక్కడైనా తిరగొచ్చు, ఉండొచ్చు అంటది. దానికి హద్దులు పెట్టాలంటే చట్టం చెయ్యాలె. ఆదివాసీల మేలు కోసం కూడా అట్ల హద్దు పెట్టొచ్చని అండ్లనే ఉన్నది. ఒక ఊరు కూసుని ఇంకో గూడేన్ని రాష్ట్రం దాటించే అధికారం మాత్రం ఏ చట్టంలో లేదు. గ్రామసభ మనకు పీసా చట్టం ఇచ్చిన గొప్ప బలం. మన అడవిని, భూమిని కాపాడుకోనీకి ఇచ్చిన బలాన్ని మనకంటే బక్కోడి మీద వాడితే, రేపు మన మీద ఇంకోడు వాడుతడు.

ఇది ఒక్క బెండాలపాడు ముచ్చట కాదు. 2017 సెప్టెంబర్‌లో, ఇప్పటి ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో జలగలంచ అనే గుంపుల అటవీ సిబ్బంది గుత్తికోయల గుడిసెలు కూల్చిన్రు. కేసు హైకోర్టుకు పోతే, బలవంతంగ వెళ్లగొట్టొద్దని మధ్యంతర ఆదేశం వచ్చింది. కోర్టు దాకా పోయింది కాబట్టి ఆగింది. కోర్టు దాకా పోనివి ఎన్నో.

వాళ్లు ఎందుకొచ్చిన్రో మర్చిపోయినం

మన వాట్సాప్ గ్రూపుల్లో గుత్తికోయలు అడవి నరకనీకి వచ్చిన్రని ఉంటది. ఇప్పుడు ఇరవై ఏండ్ల వయసున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అసలు కథ తెల్వదు. ఎందుకంటే అది జరిగినప్పుడు మీరు పుట్టనే లేదు, లేకుంటే పాలు తాగుతున్నరు.

2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు ఎదురుగ ప్రజలే లేచిన్రని, అది శాంతి యాత్ర అని సర్కారు చెప్పింది. అప్పుడు అక్కడ అధికారంలో ఉన్నది బీజేపీ. ముందుండి నడిపించిన మహేంద్ర కర్మ కాంగ్రెస్ నాయకుడు. రెండు పార్టీలూ ఒక్కటైనయి. ఊర్ల మీద పడ్డరు. ఇండ్లు తగలబెట్టిన్రు. క్యాంపులకు వస్తే మావోళ్లు, రాకుంటే నక్సలైట్లు అన్నరు. నడిమిట్ల నిలబడే జాగ లేకుండ చేసిన్రు. ఖాళీ అయిన ఊర్లు 644 అని కోర్టుల ముందు, నివేదికల్లో పదే పదే వచ్చిన లెక్క. సుమారు 50 వేల మంది రోడ్డు పక్క క్యాంపుల పాలైన్రు. ఇంకో 30 వేల నుంచి 50 వేల మంది శబరి దాటి, అడవి దారుల పడి ఇటు మన ఉమ్మడి ఖమ్మం జిల్లాకు వచ్చిన్రని అంచనాలున్నయి.

మావోయిస్టులు ఏం తక్కువ చెయ్యలేదు. 2006 జూలైలో ఎర్రబోరు క్యాంపు మీద పడి ముప్పై మందికి పైగా చంపిన్రు. వాళ్లూ ఆదివాసులే, క్యాంపులో తలదాచుకున్నోళ్లే. రెండు దిక్కులా చచ్చింది ఒకే జాతోళ్లు. ఒకే భాష మాట్లాడేటోళ్లు. నా భాష మాట్లాడేటోళ్లు.

ఆ రోజుల్లో మన తెలుగోళ్లే కొందరు ఈ సంగతి దేశం ముందట పెట్టిన్రు. బాలగోపాల్ ఉన్న మానవ హక్కుల వేదిక 2006లో దంతెవాడ యుద్ధం మీద నివేదిక తెచ్చింది. 2007 డిసెంబర్‌లో శాంతా సిన్హా అధ్యక్షతన ఉన్న జాతీయ బాలల హక్కుల కమిషన్ దంతెవాడకు, మన ఖమ్మం జిల్లాకు వచ్చి పిల్లల గోస రాసుకపోయింది. సుప్రీంకోర్టుకు పోయిన ముగ్గురిలో ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహతో పాటు మన విశాఖ నుంచి రిటైర్డ్ ఐఏఎస్ ఈఏఎస్ శర్మ ఉన్నరు. 2011 జూలై 5న తీర్పు ఇచ్చిన ఇద్దరు జడ్జిల్లో ఒకరు మన తెలంగాణ బిడ్డ జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి.

ఆ తీర్పుల విద్యార్థులు తెలుసుకోవాల్సిన ముక్క ఒకటున్నది. అయిదో తరగతి చదివిన ఆదివాసీ పిలగాండ్లను స్పెషల్ పోలీసులు అని తీసుకొని, నెలకు 3000 రూపాయలు ఇచ్చి, చేతికి తుపాకి ఇచ్చి, సొంత జాతి మీదికి పంపుడు రాజ్యాంగానికి విరుద్ధం అన్నది కోర్టు. మన ఈడు పిలగాండ్లు వాళ్లు. బడి బంద్ అయింది, తుపాకి వచ్చింది. ఆ తీర్పు వచ్చిన ఏడాదే ఛత్తీస్‌గఢ్ సర్కారు కొత్త చట్టం చేసి వాళ్లను వేరే పేరు మీద బలగాలల్ల కలిపేసింది. 2025లో సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డప్పుడు, ఆ తీర్పు నక్సలిజానికి సాయం చేసిందని కేంద్ర హోంమంత్రి అమిత్ షా అన్నరు. ఆ మాట మంచిది కాదని రిటైర్డ్ జడ్జిలు ప్రకటన ఇచ్చిన్రు. పద్నాలుగేండ్లు అయినా ఆ పంచాయితీ ఒడవలేదన్నట్టు.

దీన్ని జాతిహననం అనొచ్చా?

సోషల్ మీడియాలో కొందరు మాట్లాడితే "ఆదివాసీల జాతిహననం" అంటరు. ఇంకొందరు ఆ మాట వింటేనే దేశద్రోహం అంటరు. నేను కొంచెం ఆగి చూడాలంటున్న.

ఆ మాటకు చట్టంలో గట్టి అర్థం ఉన్నది. 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి చేసుకున్న ఒప్పందం ప్రకారం, ఒక జాతిని, తెగను, మతాన్ని పూర్తిగ గానీ కొంత గానీ నాశనం చెయ్యాలన్న ఉద్దేశంతో చేసిన పనే జాతిహననం. ఆ ఉద్దేశాన్ని రుజువు చెయ్యాలె. భారతదేశం 1959లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది కానీ, దాని కోసం ఇక్కడ ప్రత్యేక చట్టం ఇంతవరకు చెయ్యలేదు. బస్తర్‌లో జరిగిన దానికి నేను ఆ పేరు పెట్టను. ఊర్లు కాల్చుడు, సామాన్యులను చంపుడు, జనాన్ని ఎల్లగొట్టుడు అని ఉన్నదున్నట్టు చెప్తే చాలు. పెద్ద మాట వాడి తప్పించుకునేటోళ్లకు సందు ఇయ్యొద్దు.

అయితే ఆ మాట పుట్టిన కథ మాత్రం మనకు పనికొస్తది. రాఫెల్ లెమ్కిన్ అని పోలండ్ యూదుడు. 1944లో ఆ పదాన్ని తయారు చేసింది ఆయనే. అంతకు ఇరవై మూడేండ్లు ముందు, 1921లో, ఆయన మన లెక్కనే యూనివర్సిటీ విద్యార్థి. ఆర్మేనియన్ల ఊచకోతకు బాధ్యుడైన తుర్కీ నాయకుడు తలాత్ పాషాను బెర్లిన్‌లో ఒక ఆర్మేనియన్ యువకుడు కాల్చి చంపిండు. లెమ్కిన్ తన ప్రొఫెసర్‌ను అడిగిండట, ఒక్కణ్ని చంపినోణ్ని బోనెక్కించిన్రు గదా, లక్షల మందిని చంపిచ్చినోణ్ని ఎందుకు ఎక్కియ్యలేదని. ప్రొఫెసర్ కోళ్లు పెంచుకునే రైతును ఉదాహరణ చెప్పిండట. తన కోళ్లను తాను కోసుకుంటే ఎవడు అడుగుతడు అని. దేశం తన జనాన్ని ఏమన్నా చేసుకోవచ్చన్నట్టు. ఆ జవాబు ఆ పిలగానికి మింగుడు పడలేదు. క్లాసుల లేచి అడిగిన ప్రశ్న పట్టుకొని బతుకంతా తిరిగితే, ఒక అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది.

కోళ్ల గంపల చెయ్యి పెట్టినోడికి ఏ కోడి దొరికినా ఒకటే. మనిషిని ఆ లెక్కన చూసుడు తుపాకుల కంటే ముందు మాటల్లోనే మొదలైతది. 1994లో రువాండాలో వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని చంపిన్రు. అంతకు ముందు నుంచే అక్కడ ఒక రేడియో టుట్సీలను బొద్దింకలు, బొద్దింకలు అని పాడింది. మన దగ్గర రువాండా వస్తదని నేను అంటలేను. పక్కోణ్ని మనిషి పేరుతోటి కాకుండ పురుగు పేరుతోటి పిలిచే అలవాటు ఎటు తీసుకపోతదో చూసినమని అంటున్న.

ఐక్యరాజ్యసమితి 2014లో ఇట్లాంటి దారుణాలను ముందే పసిగట్టనీకి 14 ప్రమాద సూచనలు రాసింది. సాయుధ ఘర్షణ నడుస్తుండటం, పాత దారుణాలకు శిక్ష పడకపోవడం, చట్టాన్ని కాపాడే సంస్థలు బలహీనంగ ఉండటం, గుంపుల నడుమ పగ, ఒక గుంపు మీద వివక్ష.. ఇట్ల ఉంటయి అవి. పేపరు మీద చదివితే దూరపు దేశాల ముచ్చట అనిపిస్తది. చర్ల బస్టాండ్‌ల నిలబడి చదవండి, ఎన్ని మన దగ్గర ఉన్నయో మీకే తెలుస్తది.

ఇప్పుడు ఎందుకు మాట్లాడాలె?

ఎందుకంటే సరిహద్దు మళ్లీ కాలుతున్నది. 2024 మొదలు నుంచి ఆపరేషన్ కగార్ నడిచింది. 2026 మార్చి 31 నాటికి మావోయిస్టులు లేకుండ చేస్తమని కేంద్రం గడువు పెట్టుకున్నది. 2025 ఏప్రిల్, మే నెలల్లో మన ములుగు జిల్లా అంచుకు ఉన్న కర్రెగుట్టలను 21 రోజులు చుట్టుముట్టిన్రు. 31 మంది మావోయిస్టులు చనిపోయిన్రని బలగాలు ప్రకటించినయి.

ఈ నడుమ సామాన్యుడి సంగతి ఏమైంది? 2024 జనవరి 1న బీజాపూర్ జిల్లా ముత్వెండిలో తల్లి దగ్గరున్న ఆర్నెల్ల పాప తూటా తగిలి చనిపోయింది. ఎదురుకాల్పుల నడుమ తగిలిందన్నరు పోలీసులు. అదే ఏడాది నవంబర్‌లో మన వాజేడు మండలంలో ఇన్ఫార్మర్లు అని చెప్పి మావోయిస్టులు ఇద్దరిని నరికి చంపిన్రు. అండ్ల ఒకరు పంచాయతీ కార్యదర్శి. పాపకు పార్టీ లేదు. పంచాయతీ కార్యదర్శికి యూనిఫాం లేదు.

చంపినంక నిజం తేల్చనీకి ఎంత కాలం పడుతదో కూడా చూడండి. 2012 జూన్ 28 రాత్రి సర్కేగూడలో కాల్పుల్లో 17 మంది చనిపోయిన్రు. నక్సలైట్లు అన్నరు ముందు. అండ్ల బడి పిల్లలు కూడా ఉన్నరు. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ విచారణ చేసి, చనిపోయినోళ్లు మావోయిస్టులు అనడానికి ఆధారం లేదని తేల్చింది. ఆ నివేదిక అసెంబ్లీ ముందుకు వచ్చింది 2019 డిసెంబర్‌లో. ఏడేండ్లు పైనే. చనిపోయిన పిల్లలు బతికుంటే ఆ లోపల డిగ్రీ పూర్తి చేసేటోళ్లు.

విద్యార్థులతోటి ఏమైతది?

"మనతోని ఏమైతది అన్నా" అని చానా మంది అడుగుతరు. ఖమ్మం జిల్లా పోరగాండ్లు అడగాల్సిన మాట కాదు అది. 1969 జనవరిలో ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి దీక్షకు కూసుంటే, ఆ మంట తెలంగాణ అంతటా పాకింది. 2004లో సూడాన్‌లోని దార్ఫూర్‌లో ఊచకోత జరుగుతుంటే, అమెరికాల జార్జ్‌టౌన్ యూనివర్సిటీ విద్యార్థులు సంఘం పెట్టి, కాలేజీ కాలేజీకి తిరిగి, వాళ్ల ప్రతినిధులను నిలదీసిన్రు. వాళ్లకు దార్ఫూర్ వేల మైళ్ల దూరం. మనకు పామేడు ఒక్క పూట నడక.

మన పక్కనే కూడా ఉన్నరు. 2021 మేలో సుక్మా, బీజాపూర్ నడుమ సిల్గేర్‌లో క్యాంపు వద్దని జనం కూసున్నరు. మే 17న కాల్పుల్లో ముగ్గురు చనిపోయిన్రు. అయినా నెలల తరబడి కూసున్నరు. ఆ తర్వాత అక్కడి యువకులు మూలవాసీ బచావో మంచ్ పెట్టుకున్నరు. 2024 అక్టోబర్‌లో ఛత్తీస్‌గఢ్ సర్కారు ఆ సంఘాన్ని నిషేధించింది. అట్లనే లింగారాం కొడోపి అని జర్నలిజం చదువుకున్న ఆదివాసీ యువకుడు, గ్రామస్థుల మాటలను వీడియో తీసి బయటపెట్టిండు. 2011లో జైలుకు పోయిండు. 2022లో కోర్టు ఆ కేసులో నిర్దోషి అన్నది.

ఈ రెండూ ఎందుకు చెప్పిన్నంటే, దీంట్ల ప్రమాదం లేదని నేను మీకు అబద్ధం చెప్పదల్చుకోలేదు. ఒక దిక్కు నుంచి నక్సలైట్ అంటరు, ఇంకో దిక్కు నుంచి ఇన్ఫార్మర్ అంటరు. అందుకే ఒంటరిగ చెయ్యొద్దు. చాటుగ చెయ్యొద్దు. తుపాకి పట్టినోడి పేరు మీద అసలే చెయ్యొద్దు. సారు, లాయరు, విలేకరి ఎవరో ఒకరు తోడుండాలె. చూసింది చెప్పాలె, విన్నది విన్నట్టుగనే చెప్పాలె.

ఇక పని ఏంది అంటే, మొదటిది ఫోన్ల ఉన్నది. ఎవరో ఒకరు ఏదో చేసినప్పుడు, మెసేజ్ "వాడు" నుంచి "వాళ్లు" దాకా పోయిన కాడ ఆపాలె. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడగాలె. జవాబు లేకపోతే ముందుకు పంపొద్దు. ఇది చిన్న పని అనిపిస్తది, కానీ నేను చెయ్యలేకపోయింది ఇదే.

రెండోది బడి. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఆరేండ్ల నుంచి పద్నాలుగేండ్ల పిల్లను వయసు కాగితం లేదని బడి వాపస్ పంపొద్దు. ఈ సంగతి గుంపులల్ల తల్లిదండ్రులకు తెల్వదు, కొన్ని బడులల్ల సార్లకు కూడా గుర్తుండదు. కోయ భాష వచ్చిన డిగ్రీ పిలగాడు జూన్ నెలల ఒక్క రోజు వెంటబోతే ఒక పిల్ల బడిల పడుతది.

మూడోది భాష. దవాఖానల, తహసీల్దార్ ఆఫీసుల, పోలీస్ స్టేషన్ల గుత్తికోయ ముసలాయన చెప్పేది అక్కడోళ్లకు అర్థం కాదు. మనకు అర్థమైతది. ఏజెన్సీ కోయ పిల్లలకు ఉన్న ఈ బలం హైదరాబాద్ ప్రొఫెసర్‌కు లేదు.

నాలుగోది రాసి పెట్టుడు. గుడిసెలు కూల్చిన్రంటే తేదీ, జాగ, ఎన్ని ఇండ్లు, ఎవరి ఆర్డర్. అంతే. జలగలంచ కేసు కోర్టుల నిలబడింది ఆవేశం మీద కాదు. ఉచిత న్యాయసాయం కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. ఆడోళ్లకు, పిల్లలకు, ఎస్టీలకు, తెగల నడుమ హింసకు గురైనోళ్లకు 1987 చట్టం కింద లాయరును ఉచితంగ ఇయ్యాలె.

మరి మన భూమి సంగతి?

ఇది రాస్తున్నప్పుడు మా నాయిన అడిగే మాట నాకు వినపడుతున్నది. "వాళ్లకు కూడా పట్టా ఇస్తే మనకేం మిగులుతది రా?" ఇది చెడ్డ ప్రశ్న కాదు. 2023లో రాష్ట్రమంతా సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాల పోడు పట్టాలు ఇచ్చిన్రు. అయినా పట్టా రాని కోయ రైతులు మా ఊర్లనే ఉన్నరు. అడవి తరుగుతున్నది, అది కూడా నిజం. నరికిన చోట నరికిన్రని చెప్పాలె. ఎవరు నరికినా కేసు పెట్టాలె.

కానీ నాయినా, మన పట్టా ఆపింది గుత్తికోయ కాదు. వాళ్లకూ లేదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13 తేదీని గీతగ గీసింది. అదే చట్టం 3(1)(ఎం) సెక్షన్‌లో, ఆ తేదీకి ముందు అడవి భూమి నుంచి అక్రమంగ ఎల్లగొట్టబడ్డ గిరిజనులకు పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి అడిగే హక్కు ఇచ్చింది. సల్వాజుడుం మొదలైంది 2005 జూన్‌లో. అంటే ఆ ఆర్నెల్లల్ల ఊరు పోగొట్టుకున్నోళ్లకు అడగనీకి దారి ఉన్నది. తిరిగి పోతమన్నోళ్లకు వాళ్ల ఊర్లె, పోలేనోళ్లకు ఇంకో చోట భూమి చూపియ్యాల్సింది ఢిల్లీ, రాయ్‌పూర్, హైదరాబాద్, అమరావతి. 2014లో చింతూరు, కూనవరం దిక్కు మండలాలు ఆంధ్రకు పోయినంక ఈ గుంపుల లెక్క మూడు రాష్ట్రాల నడుమ పడ్డది. ఏ సర్కారూ నావి అనట్లేదు. ఎస్టీ జాబితా రాష్ట్రానికి ఒకటి కాబట్టి, అక్కడ ఎస్టీ అయినోడు ఇక్కడ సర్టిఫికెట్ కోసం ఏండ్లకేండ్లు తిరుగుతడు. సర్కారు మీద అడగాల్సిన ప్రశ్నను మనం ఆకలిగొన్న పక్కోడి మీద అడుగుతున్నం.

2005 సెప్టెంబర్‌లో, సల్వాజుడుం మొదలైన మూడు నెలలకు, ప్రపంచ దేశాలన్నీ ఐక్యరాజ్యసమితిలో కూసుని, జనాన్ని ఇట్లాంటి దారుణాల నుంచి కాపాడే బాధ్యత ప్రతి సర్కారుది అని ఒప్పుకున్నయి. భారతదేశం కూడా ఒప్పుకున్నది. అదే నెలల ఊసూరు దిక్కు నుంచి జనం మూటలు నెత్తిన పెట్టుకొని మా ఊరి చెరువు కట్ట మీద నుంచి నడిచి వచ్చిన్రని మా అవ్వ చెప్తది. అప్పుడు మా ఊరోళ్లే వాళ్లకు గంజి పోసిన్రంట. లారీల ముచ్చట ఎవరూ ఎత్తలేదంట.

ఆ పిలగాడు మొన్నటి మిర్చికి కూడా వచ్చిండు. నేను పాత స్టేటస్ తప్పని అదే మూడు గ్రూపులల్ల రాసిన. ఒక గ్రూపుల నుంచి నన్ను తీసేసిన్రు. ఒక గ్రూపుల ఎవరూ ఏమనలేదు. మూడో దాంట్ల మా దోస్తు ఒకడు, మా ఊరోడే, "నేను కూడా పంపిన రా" అని రాసిండు. మొన్న జూన్ల ఆ పిలగాని చెల్లెను బడిల చేర్పియ్యనీకి నేను వెంటబోయిన. చేర్చుకున్నరు. ఫారం మీద కులం గడి మాత్రం ఖాళీగనే ఉన్నది.